అగ్గిపెట్టెల్లో వచ్చిన సిపాయిలు

తమ్ముడు శామ్యూల్‌కు అన్న దానియేలు దీవెనలు.

దేవుని దయవల్ల ఇక్కడ నేను, మీ వదిన సునీత, బిడ్డ కీర్తన ముగ్గురం బాగున్నాం. లక్సెట్టిపేటలో నువ్వు, రూతు, పిల్లలు క్షేమమని తలుస్తున్నాను. మార్తమ్మ అత్త మోకాలు ఎలా ఉంది? ఫోన్‌లో అడిగితే, "నడుస్తున్న బిడ్డా, గోడ పట్టుకొని నడుస్తున్న. గోడ కూడ మంచిగనే ఉన్నది" అంది. ఆమె ఆరోగ్యం గురించి ఆమె మాటే నమ్మి ఊరుకోలేం. నువ్వు వెళ్లి చూసి రాయి.

నీ ఉత్తరం, అగ్గిపెట్టె మంగళవారం అందాయి. పంతొమ్మిది రోజులు పట్టింది. అగ్గిపెట్టె ఒక మూల నలిగింది కానీ దూదిలో సీసం సిపాయికి ఏమీ కాలేదు, బల్లెం కూడా వంగలేదు. వీడితో నా దగ్గరికి వచ్చిన నీ సిపాయిలు ఏడుగురు.

ఈ ఉత్తరంలో ఒక ముఖ్యమైన సంగతి ఉంది. వార్త అయితే దాన్ని మొదటి వాక్యంలోనే పెట్టేవాణ్ణి. పేపర్లో ఇరవై రెండేళ్లు ఆ పనే చేశాను. ఈ ఒక్కదాన్ని అలా రాయడం చేతకాలేదు. ముందు మామూలు కబుర్లు రాస్తాను, వరసగా చదువు. చివరికి దూకకు.

ఇక్కడ చలి మొదలైంది. సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతోంది. నాది అదే పని, అదే పార్సిళ్ల గోదాము, పొద్దున ఆరు నుంచి రెండింటి దాకా. పెట్టె మీద ఊరి పేరు చదివి ఆ ఊరికి పోయే ఇనుప బండిలో వేయాలి. హుజూరాబాద్, ఉట్నూర్, చెన్నూరు అని పేర్లు రాసి బతికినవాణ్ణి, ఇప్పుడు నేను చూడని ఊళ్ల పేర్లు చదివి బతుకుతున్నాను. కష్టమని కాదు. చేతి తొడుగులు ఇచ్చారు, నడుముకు పట్టీ ఇచ్చారు. సూపర్‌వైజర్ నన్ను డాన్ అని పిలుస్తాడు. మొదట్లో పలకడానికి ఒక క్షణం పట్టేది, ఇప్పుడు వెంటనే పలుకుతున్నాను. నా గురించి ఫికర్ చేయకు.

సునీతకు ఆసుపత్రిలో వార్డు మారింది. పని ఎక్కువే కానీ ఆమెకు అక్కడ మంచి పేరుంది. సెలవు దొరికిన రోజు సర్వపిండి పెడుతోంది. ఇక్కడి పెనం పలచన, అడుగు మాడుతుంది. మాడిన ముక్క నాకు, బాగున్నది కీర్తనకు. పచ్చిపులుసుకు చింతపండు గుజరాతీ వాళ్ల దుకాణంలో దొరుకుతోంది. అందులో గింజలుండవు, తీసేసి అమ్ముతారు. అందుకే నేను వచ్చేటప్పుడు మన ఆట కోసం తెచ్చుకున్న అరవై చింతగింజలను ఎంత భద్రంగా చూసుకోవాల్సి వస్తోందో ఊహించుకో. ఒకటి సోఫా కింద పోతే కీర్తన టార్చి పెట్టి వెతికింది.

ఒంటరితనం గురించి నువ్వు ప్రతి ఉత్తరంలో అడుగుతావు. ఒక సంగతి రాస్తాను, నువ్వే అర్థం చేసుకో. పోయిన వారం మొత్తంలో ఇంటి బయట నా నోటి నుంచి వచ్చిన తెలుగు ఒకే ఒక్క మాట. బస్సు దిగుతుంటే కాలు జారింది. "అవ్వో" అన్నాను. ఆదివారం మెథడిస్టు చర్చికి పోతున్నాం. భవనం మన చర్చికి నాలుగింతలు, మనుషులు పద్నాలుగు మంది. వాళ్ల పాటల్లో కొన్ని రాగాలు మనవే. వాళ్లు ఇంగ్లీషులో పాడుతుంటే నేను పెదవుల మీదే తెలుగు మాటలు పాడుకుంటాను. సునీత మోచేత్తో పొడుస్తుంది.

శనివారాలు మాత్రం బాగుంటాయి. ఆ చర్చి హాల్లోనే సిపాయి బొమ్మల క్లబ్బు కూడుతుందని ఇదివరకే రాశాను. ఇప్పుడు నేనూ సభ్యుణ్ణి. అందరూ అరవై దాటినవాళ్లే. ఎవరి సైన్యం వాళ్లు పెట్టెలో మోసుకొస్తారు. ఒక పటాలం గుండీలు ఇత్తడివా తగరానివా అని పొద్దుగూకే దాకా వాదించుకుంటారు. అక్కడ నాకు దగ్గరైన మనిషి పీటర్, రిటైరైన బస్సు డ్రైవరు. చేతులు పెద్దవి, కానీ అంగుళమంత బొమ్మకు కనురెప్ప కూడా దిద్దగలడు. నేను చీపురు పుల్ల కొన నమిలి, రంగులో ముంచి, మన బాపు చెప్పినట్టు ఒక్క చుక్కతో కన్ను పెడుతుంటే లేచి వచ్చి నా వెనక నిలబడ్డాడు. తన దగ్గర పన్నెండు రకాల కుంచెలున్నాయట. నా పుల్ల అడిగి తీసుకున్నాడు. కాబట్టి ఈసారి కారప్పొడితో పాటు ఒక గుప్పెడు చీపురు పుల్లలు కూడా పంపు.

మన ఆట సంగతి చెప్పమని వాళ్లంతా అడిగారు. చెప్పినదంతా ఇక్కడ రాస్తున్నాను, తప్పుంటే దిద్దు.

మా బాపు క్రిస్మస్‌కు చర్చిలో పెట్టే పశువులపాక బొమ్మలు పోసేవాడు. హేరోదు భటులు మా ఇద్దరి మొదటి సిపాయిలు. తర్వాత లక్సెట్టిపేటలో పెళ్లికార్డులు అచ్చువేసే ప్రెస్సు మూతపడి, సీసం అక్షరాలు తూకానికి అమ్మితే తమ్ముడు కొన్నాడు. బాపు చూపించిన పద్ధతిలోనే సుద్ద అచ్చులు చేసి, ఆ అక్షరాలు కరిగించి, నిజాం పటాలం ఒకటి, మరాఠా దండు ఒకటి పోశాం. గోదావరి రేవు దగ్గర ఎన్నడూ జరగని ఒక యుద్ధం మేమే కల్పించుకున్నాం. తమ్ముడు బోర్డులు రాసే పెయింటర్. రంగులన్నీ వాడివే.

ఇంతవరకు విని పీటర్ ఒక మరాఠా సిపాయిని వెలుతురులో పెట్టి చూశాడు. "ఈ పసుపు కోటుకు ఆధారం ఏ పుస్తకంలో ఉంది?" అన్నాడు.

"పుస్తకంలో లేదు. ఆటోల మీద పేర్లు రాయగా మిగిలిన రంగు" అన్నాను.

"అయితే వీళ్లంతా పెళ్లికార్డుల అక్షరాలు."

"అవును."

"పెళ్లికని బయల్దేరి యుద్ధానికి వచ్చారు, పాపం."

తర్వాత నియమాలు చెప్పాను. నేను ఇక్కడికి వస్తూ నిజాం పటాలం తెచ్చుకున్నాను, మరాఠా దండు నీ దగ్గర ఉండిపోయింది. రెండిళ్లలో రెండు బల్లలు, వాటి మీద ఒకటే పటం. ఎదుటివాడి సిపాయిల చోట చింతగింజలు. ఎత్తు వేయడం ఉత్తరంలోనే, ఫోన్‌లో ఆట మాట ఎత్తకూడదు. దాడి చేసేవాడు పాచిక వేసి ఎంత పడిందో రాస్తాడు. అది అందాక రెండోవాడు తన పాచిక వేసి జవాబు రాస్తాడు. పెద్ద అంకెది గెలుపు, సమానమైతే దాడి ఓడినట్టు. ఓడినవాడు పడిపోయిన సిపాయిని అగ్గిపెట్టెలో పెట్టి గెలిచినవాడికి పంపాలి.

"పాచిక వేసింది ఎవరు చూస్తారు?" అని ఒకాయన అడిగాడు.

"ఎవరూ చూడరు. మేం అన్నదమ్ములం" అన్నాను.

పందెం సంగతి మాత్రం వాళ్లకు చెప్పలేదు. బస్టాండులో నా పెట్టె డిక్కీలోకి ఎక్కిస్తూ నువ్వన్న మాట నాకు ఉన్నదున్నట్టు గుర్తుంది. "అన్నా, నువ్వు ఓడితె సామాన్ సదురుకొని వాపస్ రావాలె."

"గెలిస్తే?"

"గెలిస్తె ఆడ్నే ఉండు. ఇంటి దిక్కు సూడకు."

అందరం నవ్వాం. సునీత కూడా నవ్వింది. నువ్వది నవ్వులాటకే అన్నావేమో నాకు తెలియదు. నేను మాత్రం విమానంలోనే దాన్ని నిజం చేసుకున్నాను.

ఇప్పుడు ముఖ్యమైన సంగతికి వస్తున్నాను.

పోయిన శనివారం నీ ఆరో సిపాయిని క్లబ్బుకు తీసుకుపోయాను. పీటర్ వాణ్ణి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "రంగు వేసి రెండు నెలలు కూడా కాలేదు. టర్పెంటైన్ వాసన ఇంకా ఉంది" అన్నాడు. ఆ దండుకు మనం రంగులు వేసి ఎనిమిదేళ్లు. నేను ఆయన మాట కొట్టిపారేశాను. ఇంటికి వచ్చి మిగతా ఐదుగురినీ ఒక్కొక్కరిగా వాసన చూశాను. ఆయన చెప్పింది నిజం.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం సునీత బల్ల తుడుస్తూ, నేను అంకెలు రాసుకునే కాగితం తీసింది. ఆమెకు ఆట రాదు. కానీ రోజూ రోగుల చార్టులు చదివే మనిషి. ఆ కాగితాన్ని ఒక నిమిషం కంటే ఎక్కువ చూడలేదు.

"ఓ కీర్తన బాపూ, గిది చూసినవా?"

"ఏంది?"

"నీది నాలుగు, శామ్యూల్‌ది మూడు. నీది అయిదు, ఆయనది నాలుగు. నీది రెండు, ఆయనది ఒకటి. అన్నీ నీకంటె ఒక్కటే తక్కువ. పాచిక గిట్ల పడ్తదా?"

నేను కాగితం తీసుకుని చూశాను. అప్పటికి ఏడు దాడుల జవాబులు వచ్చాయి. ఆరింటిలో నువ్వు సరిగ్గా ఒకటి తక్కువతో ఓడావు. మిగిలిన ఒక్కసారి నాకు ఒకటి పడింది. దానికంటే తక్కువ పాచికలో లేదు. ఆ వారం నువ్వేం రాశావో ఉత్తరం తీసి చదివాను. "పాచిక బల్ల కింద పడి ఎలుక బొక్కల పోయింది, గీ దాడి లెక్కల పట్టకు, మళ్ల వెయ్యి." శామ్యూల్, పెళ్లిళ్ల దగ్గర నుంచి ఎన్నికల దాకా ఎన్నో అబద్ధాలు విని రాసినవాణ్ణి నేను. ఎలుక దగ్గర మోసపోయాను. తర్వాత మంగళవారం వచ్చిన ఉత్తరం విప్పకముందే నీ అంకె ఎంతో కాగితం మీద రాసి పెట్టుకున్నాను. నేను అయిదు పంపాను కాబట్టి నాలుగు. విప్పితే నాలుగే ఉంది.

బుధవారం, నువ్వు దుకాణంలో ఉండే వేళ చూసి మీ ఇంటికి ఫోన్ చేశాను. ఫోన్ ఎత్తిన మనిషి పేరు రాయను. సమాచారం ఇచ్చినవాళ్ల పేరు బయటపెట్టే అలవాటు నాకు లేదు. ఆ మనిషి నన్ను బావా అంటుంది, అంతవరకే చెబుతాను.

"మేం పోసిన పాత సిపాయిలు ఏడ ఉన్నయి?" అని అడిగాను.

అవతల కుక్కర్ రెండు కూతలు వేసింది.

"ఇనుప పెట్టెల ఉన్నయి బావా. ఒక్కటి గూడ పోలే. నీకు పంపేటియి కొత్తగ పోస్తుండు. పాతయి పంపితె ఇంట్ల ఏం మిగుల్తది అంటడు."

"కావాలనే ఓడుతున్నడా?"

"గా పాచికలు నాకేం తెల్వది. ఉత్తరం రాసే ముంగట పాచిక ఎయ్యంగ మాత్రం నేను సూడలే."

"నేను రావద్దని ఉన్నదా వానికి?"

"అట్ల అనకు బావా. నువ్వస్తవంటె ఊరంత చెప్పుకుంట తిరుగుతడు. గని అన్న వస్తె ఈడ ఏం చేస్తడు, పేపరోళ్లు ఆఫీసు ఎత్తేసిరి, వదినె ఆడ ఒక్కతె ఎట్లుంటది, పిల్ల సదువు ఆగమైతది అని మొన్న రాత్రి గూడ అన్నడు. నీకు నోటితోని చెప్పలేడు. నువ్వు పెద్దోనివి గదా."

కూర మాడుతుందని చెప్పి ఫోన్ పెట్టేసింది.

నీ సంగతి రాశాను. ఇప్పుడు నాది. నా పాచికలు నిజం. ప్రతిసారీ ఎంత పడితే అంతే రాశాను. కానీ నా ఎత్తులు నిజం కాదు. మొదటి నెలలోనే కొండ వదిలేసి కిందికి దిగాను. నువ్వు చూసి, "ఇదేం ఎత్తు అన్నా, చలికి తల పనిచేస్తలేదా" అని రాశావు. తల పనిచేసింది. గుర్రాలను బురదలోకి తోలాను. రేవు దాటించి అవతలి ఒడ్డున అరడజను మందిని నిలబెట్టాను. అక్కడ ఒక్కసారి ఓడితే వెనక్కి దారి లేదు, ఆట అయిపోతుంది. ప్రతి ఉత్తరం డబ్బాలో వేసేటప్పుడు ఇదే చివరిదని అనుకునేవాణ్ణి. సూట్‌కేసు మంచం కింది నుంచి తీసి అలమర పక్కన పెట్టుకున్నాను. అది పదమూడు నెలలుగా అక్కడే ఉంది. నువ్వు జవాబులో ఓడి, ఒక సిపాయిని పంపేవాడివి. నేను మళ్లీ బల్ల ముందు కూర్చుని ఇంకా పెద్ద తప్పు ఏముందా అని వెతికేవాణ్ణి.

ఇదంతా బుధవారం సాయంత్రం సునీతకు చెప్పాను. పందెం మాట ఆమె మరిచిపోయింది. నేను గుర్తు చేశాక కొంచెంసేపు చింతగింజల వైపు చూసింది.

"అంటే పదమూడు నెలల సంది నువ్వు ఓడాలని ఆడ్తున్నవు. ఆయన నిన్ను గెలిపియ్యాలని ఆడ్తుండు."

"అవును."

"మీ ఇద్దరికి నోర్లు లెవ్వా? పోవాలని ఉంటె నాతోని అనాలె. చింతగింజలకు చెప్పుకుంటవా?"

ఆమె కోపంలో ఉంటే గిన్నెలు గట్టిగా పెడుతుంది, నీకు తెలుసు. ఆ రోజు పెట్టలేదు. కూర్చుని, "నిజంగ పోవాలని ఉన్నదా?" అంది.

ఉందన్నాను. మొదటిసారి పైకి అన్నాను.

గురువారం కీర్తనను కూడా కూర్చోబెట్టుకున్నాం. దానికి పదహారు నిండాయి, దాన్ని పక్కన పెట్టి మాట్లాడేది కాదు. అంతా విని అది అడిగింది ఒక్కటే. "నీకు ఇక్కడ అస్సలే నచ్చలేదా బాపూ?"

"శనివారం నచ్చుతది" అన్నాను.

"మరి మిగిలిన ఆరు రోజులు?"

"మీ ఇద్దరు ఇంటికొచ్చినంక నచ్చుతది."

అది లెక్క వేసుకున్నట్టు తల ఊపింది. తర్వాత తన సంగతులు చెప్పింది. రెండేళ్లలో స్కూలు చదువు అయిపోతుంది. మధ్యలో మారితే మళ్లీ మొదటి నుంచి. ఊరికి రావాలని దానికీ ఉంది, కానీ ఓడిపోయి వచ్చినట్టు కాదు అంది. సునీత తన సంగతి చెప్పింది. నేను ఊరికి పోతానంటే ఆపదు. ఒక్కతే ఇల్లు, డ్యూటీ చూసుకోగలదు. కానీ ఆ రెండేళ్లూ నన్ను తిట్టుకుంటూ చూసుకుంటుందట.

శామ్యూల్, నేను ఉండిపోతున్నాను. కీర్తన స్కూలు అయ్యేదాకా ఇక్కడే. ఆ తర్వాత ఏమిటనేది అప్పుడు ముగ్గురం కూర్చుని మాట్లాడుకుంటాం. ఇది పాచిక చెప్పింది కాదు, నువ్వు ఓడి నాకు ఇప్పించింది కూడా కాదు. నా నోటితో నేను చెప్పాను, ఇద్దరు విన్నారు. చెప్పాక సూట్‌కేసు మళ్లీ మంచం కిందికి తోశాను. ఆ రోజు అన్నం సహించలేదు. మర్నాడు సహించింది. వచ్చే ఈస్టరుకు నెల రోజులు సెలవు అడిగాను, గోదాము వాళ్లు ఇంకా జవాబు ఇవ్వలేదు. వస్తే మంచిర్యాలలో దిగి ఫోన్ చేస్తాను.

నువ్వు నామీద కోపం తెచ్చుకోకు. నాకు నీమీద లేదు. బుధవారం ఉన్నది, గురువారానికి లేదు. నువ్వు చెప్పలేకపోయింది నాకు అర్థమైంది. నేను చెప్పలేకపోయింది ఇప్పుడు రాశాను కాబట్టి నీకూ అర్థమవుతుంది. ఇక ముందు ఏదైనా అనాలని ఉంటే మామూలు మాటల్లో రాయి. పెద్దవాణ్ణని చూడకు.

ఆట రద్దు. నువ్వు అంకెల్లో, నేను ఎత్తుల్లో తప్పు చేశాం, అలాంటి ఆట లెక్కలోకి రాదు. పందెం కూడా రద్దు. ఆ లెక్కన నీ ఏడుగురు సిపాయిలు పడిపోయినవాళ్లు కాదు, నియమం ప్రకారం నీకు తిరిగి పంపాలి. పంపను. వాళ్లు వంటింటి కిటికీ గట్టు మీద నిలబడి ఉన్నారు. ఏడుగురి మీసాలూ ఒకేలా, బాపు మీసంలా ఉన్నాయి. నువ్వు కావాలని వేశావో, చెయ్యి అలా పోయిందో తెలియదు. పాతవాళ్లను పెట్టెలో తేమ తగలకుండా చూడు. ఒక కర్పూరం ముక్క వేయి.

రూతుకు నా దీవెనలు, నా తరఫున క్షమాపణ కూడా చెప్పు. ఎందుకో ఆమెకు తెలుసు. పిల్లలకు ముద్దులు. మార్తమ్మ అత్తకు, పాస్టరు గారికి, సంఘంలో పెద్దలందరికీ మా ముగ్గురి వందనాలు. అత్త పొద్దున చేసే ప్రార్థనలో మా పేర్లు చదువుతుందని తెలుసు. నా పేరు దగ్గర ఒక్క క్షణం ఎక్కువ ఆగమని అడుగు.

బల్ల మీద సైన్యాలు మళ్లీ మొదటి చోట పేర్చాను. ఈసారి దాడి నీది. ముందు నువ్వే పాచిక వేసి, ఎంత పడితే అంత రాసి పంపు. నాదెంతో తెలియకుండా వెయ్యి. అది అందాక నేను సునీత ముందు కూర్చుని వేస్తాను.

నీ అన్న,
దానియేలు